మీ భాస్వరం పోయిందిరా

"మీ భాస్వరం పోయిందిరా. ఇవాళ పంపించేది లేదు."

సోమవారం పొద్దున ఎనిమిదింపావుకి ల్యాబు గోడ ఫోనులో అక్క చెప్పగా బామ్మర్ది విన్నది ఇంతే. ఆ తర్వాత కూడా ఆవిడ ఏదో అంది. అప్పటికే పక్కనున్న ఆటోక్లేవు ఆవిరి వదలడం మొదలుపెట్టింది. అది మనిషెత్తు కుక్కరు. ఇంట్లో కుక్కరులా ఈల వెయ్యదు, బుస కొడుతుంది. బుస కొట్టేదాని పక్కన మాట్లాడేదాన్ని తగిలించినవాడి బుర్రలో ఏముందో ప్లేటు మీద పెంచి చూడాలని బావ పదేళ్లుగా అంటున్నాడు. కల్చరు గదుల్లోకి సెల్‌ఫోన్లు తేకూడదు, వాటికి అంటుకున్న మురికి లోపలి సరుకుని పాడుచేస్తుంది. కాబట్టి లోకం ఆ ల్యాబుతో మాట్లాడాలంటే ఆ గోడ ఫోనే దిక్కు.

"భాస్వరమా?" అని అరిచాడు బామ్మర్ది, రెండో చెవి మూసుకుని.

"ఊఁ. పూర్తిగా పోయింది," అంది అక్క.

అతను ఫోను పెట్టేశాడు.

హాజరు పట్టీలో అతనికి పేరుంది. కానీ పన్నెండేళ్ల కిందట బావ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చేర్పించాడు గనక ఆ రోజు నుంచి అందరికీ బామ్మర్దే. అలాగే బావ అందరికీ బావ. మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు. ఆ వరసన మేనేజరు గారింట్లో ఉండాల్సింది ఎవరని బావ ఒకసారి లెక్క తేల్చబోయి, అక్క చూసిన చూపుకి సగంలో ఆగాడు. మాట మధ్యలో బావ ఆగిన సందర్భం అదొక్కటే. వీధి చివర నవ్వితే ఇంట్లో గిన్నెలు మోగేంత గొంతు ఆయనది.

వాళ్లు చేసేది బాక్టీరియా. మట్టిలో భాస్వరం బోలెడంత ఉంటుంది గానీ సున్నంతో ముడిపడి రాయిలా కూర్చుంటుంది. మొక్క వేరు దాని పక్కనే ఉండి ఆకలితో మాడుతుంది. ఈ బాక్టీరియా ఉందే, అది పులుపు ఊరుస్తుంది. ఆ పులుపు తగిలి ముడి సడలి భాస్వరం నీళ్లలో కలుస్తుంది, వేరు తాగుతుంది. దీన్ని డ్రమ్ములో పెంచి, నల్లటి మెత్తని పొడిలో కలిపి, ప్యాకెట్లలో నింపి రైతులకు పంపిస్తారు. విత్తనాలకు పట్టించి విత్తుకుంటే సరి. ల్యాబులో ఆ సరుకుని పొట్టిగా భాస్వరం అనే అంటారు. ఆ వంశానికి మూలమైన గాజు గొట్టం ఫ్రిజ్‌లో ఉంటుంది. దాన్ని బావ ఏదో పొలం గట్టు మీద మట్టిలో పట్టుకొచ్చాడు. 'పెద్దమ్మాయి' అని పేరు పెట్టాడు. డ్రమ్ములో పెరిగేవన్నీ పెద్దమ్మాయి పిల్లలు.

ప్రతి బ్యాచికీ పరీక్ష ఉంటుంది. గాజు ప్లేటులో పాలరంగు జెల్లీ పోస్తారు. ఆ తెలుపే ముడిపడ్డ భాస్వరం. మధ్యలో తీగతో ఒక చుక్క పెడతారు. బాక్టీరియాలో చేవ ఉంటే చుక్క చుట్టూ పాలు విరిగి, అద్దంలా తేటపడి, ఉంగరంలా కనిపిస్తుంది. ఐదారు రోజులకి ఆ ఉంగరం ఎవరికైనా కనిపిస్తుంది. రెండో రోజున బావకి తప్ప ఎవరికీ కనిపించదు. కిటికీకేసి ఏటవాలుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి "ఉంది" అనో "పోయింది" అనో చెబుతాడు. ఆ ఒక్క మాట మీద లారీ కదులుతుంది. ఐదో రోజు దాటందే పుస్తకంలో మాత్రం రాయడు.

గురువారం పెట్టిన ప్లేట్లని శనివారం సాయంత్రం ఆయన చూసి వెళ్లాడు. అప్పటికి మేనేజరు లేడు, బామ్మర్ది లేడు. ఆరువందల ప్యాకెట్లు మూతి అతికించుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నాయి. సోమవారం పొద్దున బావ నోటి మాట కోసం లారీ ఇంజను ఆపకుండా డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"బావ ఇంటి నుంచి ఫోను, సార్. భాస్వరం పోయిందట. ఇవాళ పంపొద్దంటున్నాడు," అన్నాడు బామ్మర్ది.

మేనేజరు ఒక ప్లేటు తీసి దీపం కింద పట్టుకున్నాడు. తిప్పాడు. కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు. తనకి పాలే కనిపిస్తున్నాయన్నాడు. పోయినేడు చచ్చిన ప్యాకెట్లు ఒక వంద బయటికి వెళ్తే రైతులొచ్చి గేటు ముందు గుమ్మరించిన సంగతి ఆయనింకా మర్చిపోలేదు. పోయిన బ్యాచిని అదే రోజు ఆవిరిలో చంపెయ్యాలి, డ్రమ్ము కడిగెయ్యాలి. నియమం అది. బావ పోయిందన్నాక ఇంకెవరు చూస్తారు. కానివ్వమన్నాడు.

కానిచ్చింది బామ్మర్దే. అరవై అరవై చొప్పున పదిసార్లు. బుట్టలో ప్యాకెట్లు నిలువుగా పేర్చడం, మూత బిగించడం, ముల్లు ఎక్కేదాకా చూడటం, ఇరవై నిమిషాలు ఆగడం, ఆవిరి వదలడం, తీయడం. ప్యాకెట్లకి మూతి అతికించే మెషిను దగ్గర పనిచేసే ఆవిడని అందరూ సీలింగత్త అంటారు. పైన ఫ్యాను తిరగకపోతే కూడా ఆవిణ్నే పిలుస్తారు. ఆవిడొచ్చి నడుం మీద చెయ్యేసుకుని, శనివారం తను మూతి కుట్టిన పిల్లల్ని సోమవారం ఉడకబెడుతున్నారా అన్నట్టు చూసి వెళ్లిపోయింది. ఏడో విడతలో ఆవిరి బామ్మర్ది ఎడమ మణికట్టు మీద కొట్టింది. నాలుగు వేళ్ల వెడల్పున ఎర్రబడింది. అతను చేతి తొడుగు కిందికి లాక్కుని ఎనిమిదో విడత పేర్చాడు.

*

సాయంత్రం అక్క వాళ్లింటికి వెళ్లేసరికి ముందు గదిలో ఐదుగురు పిల్లలు సరిగమలు అప్పజెబుతున్నారు. అక్క సంగీతం చెబుతుంది. లోకానికి గొంతున్నచోట ఆవిడకి స్వరం ఉంటుంది. జలుబు చేస్తే స్వరం బొంగురంటుంది, పక్కింటాయన కేకలేస్తే స్వరశుద్ధి లేదంటుంది.

బావ లోపలి గదిలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పలక. చెక్క చట్రం ఉన్న పిల్లల పలక, ముందు గదిలోంచి తెచ్చుకున్నది. బామ్మర్దిని చూసి కనుబొమలెగరేసి రాశాడు: "పలకలేనివాడికి పలకే దిక్కు."

బామ్మర్ది చదివాడు. నవ్వాలని తెలిసింది.

"పొద్దున చెప్పాను కదరా," అంటూ అక్క తడి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "మీ బావ స్వరం పోయిందని. డాక్టరుకి చూపిస్తే లోపల వాచిందన్నాడు. మూడు వారాలు మాట్లాడకూడదట, గుసగుస కూడా వద్దట. ఆ తర్వాత వస్తే వస్తుంది. నేను చెబుతుండగానే ఠక్కున పెట్టేశావేం?"

ఈసారి పక్కన ఆటోక్లేవు లేదు. మాట స్పష్టంగా వినపడింది. పొద్దుట ఒక్కటిగా విన్న మాట అతని చెవిలో రెండు ముక్కలైంది. మొదటి ముక్క మంచం మీద కూర్చుని ఉంది. రెండోది లేదు.

ఇవాళ పంపించేది లేదు. ఆయన్ని.

ముందు గదిలో పిల్లలు పైకెక్కిన మెట్లన్నీ దిగి మళ్లీ 'స' దగ్గరికొచ్చారు. బావ పలక తుడిచి కొత్తగా రాశాడు. అక్షరాలు పెద్దవి. మాట్లాడినట్టే రాస్తాడు, వీధి చివరిదాకా కనిపించేలా: "లారీ వెళ్లిందా? ఉంగరాలు బ్రహ్మాండం. పెద్దమ్మాయి పరువు నిలబెట్టింది."

బామ్మర్ది ఆ పలకని చాలాసేపు చూశాడు. బలపం పొడి మంచం దుప్పటి మీద రాలింది. అతనికి కోపం గానీ భయం గానీ రాలేదు. కాలు మడిచి ఎక్కువసేపు కూర్చుంటే పట్టే తిమ్మిరిలాంటిది ఒకటి మోకాలి దగ్గర మొదలుకాకుండా నేరుగా తలలో మొదలైంది.

"ఊఁ," అన్నాడు.

బావ తృప్తిగా తలాడించి పలక తుడిచేశాడు.

*

మంగళవారం బావ సెలవు చీటీ బామ్మర్దే పట్టుకెళ్లి ఇచ్చాడు. గొంతు పోయిందని అందులో ఉంది. అది బావ రాసింది గనక గొంతు అనే ఉంది. మేనేజరు చదివి, పాపం గొంతు లేకపోయినా మర్చిపోకుండా భార్య చేత కబురు చెప్పించాడన్నాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోరు తెరిస్తే చాలు. తెరిచాడు కూడా. అందులోంచి వచ్చింది, డ్రమ్ము కడగడానికి వేన్నీళ్లు పెట్టమంటారా అని.

కడిగాడు. పాత బ్యాచిల గాజు ప్లేట్లన్నీ కడిగాడు. నీళ్లు పొగలు కక్కుతున్నాయి. చేతులు ఎర్రబడ్డాయే గానీ వేడి తెలియలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి తిన్నాడు. తిన్నదేమిటని సీలింగత్త అడిగితే మూత తీసి అడుగున మిగిలింది చూసి చెప్పాడు.

చెప్పడమంటే ఏముంది, రెండు మాటలు. కానీ అతనిది ఏడాదికోసారి రాసుకునే కాంట్రాక్టు. ఈ నెలాఖరుకి మేనేజరు సంతకం పెడితే ఇంకో ఏడాది. ఆరువందల ప్యాకెట్లని చెవి పొరపాటున ఉడకబెట్టినవాడికి ఏ మేనేజరు సంతకం పెడతాడు. బావదేముంది, పర్మనెంటు. పైగా ఎవరూ ఆయన్నేమీ అనలేదు కదా. బుధవారం మధ్యాహ్నం దాకా అతను ఈ మాట పట్టుకుని వేలాడాడు.

బుధవారం ఒక రైతు వచ్చాడు. సోమవారం కూడా వచ్చి ఉత్త చేతుల్తో వెళ్లిన మనిషే. సంచిలోంచి వేళ్లతో సహా పీకిన మొక్కజొన్న మొక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఆకుల అంచులు వంకాయ రంగులో ఉన్నాయి.

"మట్టి పరీక్షలో భాస్వరం దండిగా ఉందని రాసిచ్చారు. ఉంటే ఈ రంగేమిటి బాబూ?"

ఉండటం వేరు, అందటం వేరని బావ చెప్పే పాఠం బామ్మర్ది అప్పజెప్పాడు. పెట్టెలో అన్నం ఉంది, తాళం చెవి లేదు. మా బాక్టీరియా ఆ తాళం చెవి అన్నాడు. బావ ఇక్కడ ఆగి, తాళం అంటే పాటకీ కావాలి, పెట్టెకీ కావాలి అని నవ్విస్తాడు. బామ్మర్ది ఆగలేదు. రైతు నవ్వలేదు. ఈ చేను ఎలాగూ పోయింది, పొలం రెండో చెక్కకి వాన పడింది, పదును ఆరేలోగా విత్తాలి, ప్యాకెట్లు ఎప్పుడిస్తారన్నాడు. బ్యాచి పోయిందని చెప్పాడు బామ్మర్ది. ఎలా పోయిందని అడిగాడు రైతు.

అప్పుడే లోపల్నుంచి మేనేజరు పిలిచాడు.

బల్ల మీద, పుస్తకంలో రాయడానికి ఉంచిన గురువారం నాటి ప్లేట్లు ఎనిమిది, బోర్లా పెట్టినవి పెట్టినట్టే వరసగా ఉన్నాయి. మూతకి పట్టిన చెమట జెల్లీ మీద కారకుండా ప్లేట్లని తలకిందులుగా పెంచాలి. ఇక్కడ ప్లేటు ఫిరాయించినవాడే పనిమంతుడని బావ కొత్తవాళ్లకి చెప్పే మొదటి మాట. మేనేజరు ఒకటి తిప్పాడు. చుక్క చుట్టూ పాలు పూర్తిగా విరిగి, వేలికి తొడుక్కోవచ్చనిపించేంత ఉంగరం. రెండోది తిప్పాడు. మూడోది. ఎనిమిదింటిలోనూ అదే. ఒక ఉంగరంలోంచి కింద బల్ల మీదున్న గీత కూడా కనిపిస్తోంది.

"ఇది పోయిందా?" అన్నాడు మేనేజరు. ఎవర్నీ అడగలేదు, ప్లేటునే అడిగాడు. "ఇరవై ఏడేళ్ల కన్ను అది. కన్ను పోయిందనుకోవాలా, మతి పోయిందనుకోవాలా?"

బామ్మర్ది నిలబడి ఉన్నాడు. ఎడమ మణికట్టు మీద బొబ్బ చితికి చొక్కా అంచుకి అంటుకుంది. చొక్కా లాగితే చర్మం కాస్త వచ్చింది. నొప్పి లేదు.

మేనేజరు కూర్చుని కాగితం రాశాడు. చెడ్డవాడు కాదు, రాస్తూ రెండుసార్లు కలం ఆపాడు. సోమవారం ఉదయం తమరి ఇంటి నుంచి ఫోనులో 'భాస్వరం పోయింది, ఇవాళ పంపించేది లేదు' అని తప్పు కబురు చెప్పినందున మంచి బ్యాచి నాశనమైంది, దీనికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలసింది. మడిచి బామ్మర్ది చేతిలో పెట్టాడు. ఎలాగూ వాళ్లింటికి వెళ్తావుగా అన్నాడు. మాట పడిపోయిన మనిషి మాట పడాల్సి వచ్చింది, ఏం చేస్తాం అని కూడా అన్నాడు. బావ దగ్గర ఇన్నేళ్లుండి ఆయనకీ ఆ జబ్బు అంటింది.

*

బావ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుని చదివాడు. ప్లేటు చూసినట్టే. ఒక కన్ను మూసుకున్నాడు కూడా.

మొదటిసారి చదివినప్పుడు ఆయన మొహంలో ఏమీ లేదు. రెండోసారి ఒక మాట దగ్గర ఆగాడు. పెదాలు కదిలాయి. డాక్టరు గుసగుస కూడా వద్దన్నాడు గనక గాలి కూడా రాలేదు, ఆకారం మాత్రం వచ్చింది. పెదాలు మూసుకున్నాయి, విడివడ్డాయి, ఆగాయి. మళ్లీ అదే మాట, ఈసారి ఆగకుండా. సోమవారం అక్క ఫోను చేస్తున్నప్పుడు ఆయన పక్కనే మెడకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ ఏమందో విన్నాడు.

తల తిప్పి బామ్మర్దిని చూశాడు. లారీ వెళ్లిందా అని అడిగి రెండు రోజులే అయింది.

బామ్మర్ది గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ముందు గదిలో ఒక పిల్ల 'ని' దగ్గర తప్పింది. అక్క మళ్లీ అనమంది. పిల్ల మళ్లీ తప్పింది.

బలపం పలక మీద నడిచింది. బావ పలకని ఇటు తిప్పి పట్టుకున్నాడు. బామ్మర్ది క్యాలెండరు వదిలి చూడక తప్పలేదు.

"ఆ ఫోను అక్కణ్నుంచి మార్చమని ఎన్నిసార్లు చెప్పాను."

చదివాడని చూసుకుని అరచేత్తో తుడిచేశాడు. తర్వాత తెల్లకాగితం తీసుకుని నాలుగు మాటలు రాసి, సంతకం పెట్టి, మడవకుండా ఇచ్చాడు. కబురు తప్పు. తప్పు నాదే.

అక్క లోపలికొచ్చి, తమ్ముడి చెయ్యి చూసి, ఇదేమిట్రా అంది. ఎప్పుడు కాలిందంది. నొప్పి లేదన్నాడు. కాలితే నొప్పి లేకపోవడమేమిటని ఆవిడ మందు తెచ్చి రాసింది. బావ చూస్తూ కూర్చున్నాడు. మందు చల్లగా ఉందో లేదో బామ్మర్దికి తెలియలేదు. కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బరువేమీ లేదు.

గురువారం మేనేజరు ఆ నాలుగు మాటలూ చదివి, ఇంకేదో ఉంటుందనుకున్నట్టు కాగితం వెనక్కి తిప్పి చూశాడు. గౌరవంగానే పంపిద్దామన్నాడు. రిటైరుమెంటుకి ఆరు నెలల ముందే విశ్రాంతి తీసుకున్నట్టు రాద్దాం, గొంతు బాలేదన్న సాకు ఎలాగూ ఉంది. ఆ కుర్చీలోకి పన్నెండేళ్లుగా పని తెలిసినవాడు ఒకడే ఉన్నాడు. ఇక కాంట్రాక్టు గొడవ ఉండదు.

"ఏమంటావు బామ్మర్దీ?"

బామ్మర్ది ఏమీ అనలేదు. అనకపోవడాన్ని ఒప్పుకోవడమని లోకం ఎప్పుడో రాసేసుకుంది.

*

శుక్రవారం పదిగంటలకి బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడకి తువ్వాలు, చంకలో పలక. తోడుగా అక్క. డాక్టరు దగ్గరికి వెళ్తూ దారిలో ల్యాబులో ఏదో అప్పజెప్పాలన్నాడని ఆవిడకి తెలుసు, అంతే. ఫోను ఉన్న గదే పెద్దది కాబట్టి అందరూ అక్కడే చేరారు. మేనేజరు, డ్రైవరు, ప్యాకెట్ల సంగతి తేలితే గానీ కదలనని బల్ల మీద కూర్చున్న మొక్కజొన్న రైతు. టీ వచ్చింది. సీలింగత్త మెషిను మీద కాగుతున్న పట్టీ వదిలి రాలేనని కబురు పంపింది. ఆటోక్లేవులో మామూలుగా జెల్లీ సీసాలు ఉడుకుతున్నాయి.

మేనేజరు రెండు మంచి మాటలు చెప్పాడు. ఈ సంస్థలో పెద్దమ్మాయికి పెళ్లి తప్ప అన్నీ చేసిన తండ్రి అన్నాడు. డ్రైవరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి టీ తాగాడు. చివరిదాకా ఉండాల్సిన మనిషి అన్నాక, ఒక కబురు పొరపాటు అన్నాక, అక్క బావ వైపు చూసింది. బావ ఆవిడ వైపు చూడలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత చొక్కా లోపలి జేబులోంచి తీగ తీశాడు.

చుక్క పెట్టే తీగ అది. చెక్క పిడి, కొసన సన్నటి తీగ వంచి చేసిన చిన్న చుట్టు. ఎర్రగా కాల్చి, చల్లార్చి, బాక్టీరియాని తాకాలి. బావది ఆయన చేతి పనే. పిడి వేళ్లు పడేచోట అరిగి నల్లబడింది. దాన్ని బామ్మర్ది వైపు చాచాడు. పిడి అతనికేసి, కొస తనకేసి. కత్తి ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు.

బామ్మర్ది చెయ్యి చాచాడు. ఎడమ చెయ్యి. చొక్కా అంచు మణికట్టు మీంచి జరిగింది.

అక్కడ మండింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సోమవారం కాలింది ఇప్పుడు మండుతోంది. ఇంత ఆలస్యంగానా అని కూడా అనిపించింది. తీగ గాలిలో అలాగే ఉంది.

"సార్," అన్నాడు. "సోమవారం బావ ఏ కబురూ పంపలేదు."

మేనేజరు కాగితం చూపించాడు. తప్పు నాదే అని రాసిచ్చాడు కదయ్యా.

"రాసింది ఆయనే. చేసింది నేను. ఫోను చేసింది మా అక్క. భాస్వరం మాట ఆవిడ ఎత్తనే లేదు. అక్కా, సోమవారం నువ్వు ఫోనులో ఏమన్నావో అలాగే అను. ఆ ఫోను దగ్గర నిలబడి అను."

అక్కకి అర్థం కాలేదు. అయినా లేచి ఫోను దగ్గర నిలబడింది. పాఠం అప్పజెప్పే పిల్లలా చేతులు కట్టుకుంది.

"మీ బావ స్వరం పోయిందిరా. ఇవాళ పంపించేది లేదు. డాక్టరుకి చూపిస్తాను."

గదిలో అందరికీ శుభ్రంగా వినపడింది. అయితే ఏమిటన్నట్టు మేనేజరు చూశాడు. బామ్మర్ది వెళ్లి ఆటోక్లేవు ముల్లు చూసి, ఆవిరి మర కాస్త తిప్పాడు. బుస మొదలైంది. గది సగం తెల్లబడింది. మళ్లీ అనమని చేత్తో సైగ చేశాడు. అక్క పెదాలు కదిలాయి.

మర కట్టేశాడు. బుస ఆగింది.

"భాస్వరం అంది," అన్నాడు రైతు, బల్ల మీంచే. "పోయింది, పంపేది లేదు అంది."

"నాకూ అదే," అన్నాడు డ్రైవరు.

మేనేజరు నెమ్మదిగా కళ్లజోడు తీశాడు. పెదాలతో ఒకసారి విడిగా, ఒకసారి కలిపి అనుకున్నాడు. బుధవారం కిటికీ దగ్గర బావ అనుకున్నట్టే. ఆయన మూతి ఒక పక్కకి వంగింది, నవ్వు వచ్చేలా ఉంది. రాలేదు. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు మేనేజరు.

"సోమవారం సాయంత్రం."

"ఇవాళ శుక్రవారం."

"అవును సార్."

బావ అప్పటికి తీగ దించాడు. తలొంచుకుని పలక మీద రాస్తున్నాడు. ఆ చప్పుడొక్కటే వినిపించింది. రాయడం అయ్యాక పలక ఎత్తి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. అందులో క్షమించడం లేదు, తిట్టడం లేదు, మాటల గారడీ లేదు.

"పెద్దమ్మాయి ఫ్రిజ్‌లో ఉంది. ఇవాళే డ్రమ్ములో ఎక్కించాలి. పది రోజులు."

పదును పది రోజులు ఆగదన్నాడు రైతు. మూడో చెక్క ఒకటుంది, దానికి ఆగుతానని కూడా తనే అన్నాడు. మేనేజరు బావ రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బావ చొక్కా జేబులోనే పెట్టాడు. తాళాలు బల్ల మీంచి తీసి ఆయన చేతికిచ్చాడు. బామ్మర్ది వైపు చూడకుండా, నీ సంగతి నెలాఖరున మాట్లాడదాం అన్నాడు. ఆ గొంతులో నెలాఖరు చాలా దగ్గరగా వినపడింది.

అక్క తమ్ముడి దగ్గరికి రాలేదు. వెళ్లి భర్త పక్కన నిలబడింది. లారీ వెళ్లిందా అని అడిగితే వీడు ఊఁ అన్నాడని ఆవిడకి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. బావ మాత్రం తీగని మళ్లీ చాచాడు. ఈసారి బామ్మర్ది కుడిచేత్తో తీసుకున్నాడు. పిడి వెచ్చగా ఉంది. ఎడమ చెయ్యి భుజం దాకా సలుపుతోంది.

తలుపు తోసుకుని సీలింగత్త వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, తనకి ఉంచిన టీ చల్లారిందని చూసుకుని, అందరి మొహాలూ చూసి, ఏమైంది అంది. అందరూ బామ్మర్ది వైపు చూశారు.

"సోమవారం అక్క ఫోను చేసింది, అత్తా," అన్నాడు. మొదటిసారి కంటే గొంతు బాగానే వచ్చింది. "బావ గొంతు పోయిందని చెప్పడానికి. గొంతు అనలేదు, స్వరం అంది. మీ బావ స్వరం పోయింది అంది. పక్కన ఆవిరి. మీ భాస్వరం పోయింది అని విన్నాను నేను. వెళ్లి సారుకి చెప్పాను. నువ్వు మూతి కుట్టినవన్నీ మంచివే. నేనే ఉడకబెట్టాను. తప్పు విన్నానని ఆ సాయంత్రమే తెలిసింది. మంగళవారం చెప్పలేదు. బుధవారం బావ మీదికి వచ్చినప్పుడు చెప్పలేదు. నిన్న ఆయన కుర్చీ నాకిస్తామంటే కూడా చెప్పలేదు."

సీలింగత్త టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. పెదాలు కదిపి, రెండు మాటల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది.

"స్వరమా," అంది చివరికి. "భాస్వరం కాదూ?"

"కాదు," అన్నాడు బామ్మర్ది.